పైరంపం, కిందిరంపం

మా ఊళ్ళో ఇల్లు కట్టాలనుకున్నవాళ్ళు ముందు దొడ్లోకి వెళ్ళి తలెత్తి చూసేవారు. మేస్త్రీని పిలవడం, ముహూర్తం పెట్టించడం, ఇటికలు మాట్లాడుకోవడం అన్నీ ఆ తర్వాతే. ఈ వేప గుమ్మాలకి సరిపోతుందా, ఆ పనస తలుపులకి అందుతుందా, చేనిగట్టు మీద తాటిచెట్లలో దూలానికి ముదిరినవి ఎన్ని? మా తాతయ్య ఒక్కొక్క చెట్టు చుట్టూ తిరిగి, మానుని రెండు చేతులా వాటేసుకుని, వేళ్ళు ఎక్కడ కలిశాయో చూసుకుని, నేల మీద పుల్లతో గీతలు గీసేవారు. ఆయన లెక్కలో మా వంటిల్లు అప్పటికే కట్టేసి ఉంది. ఇంకా ఆకులు తొడుక్కుని, కాయలు కాస్తూ ఉంది, అంతే.

ఇది 1968 మాట. నాకప్పుడు పదేళ్ళు. మా ఊరు కోనసీమలో, కొత్తపేట నుంచి గౌతమి ఒడ్డుకి పోయే దారిలో ఉంది. ముందరి మండువా మా ముత్తాత కట్టించింది. వెనక వంటిల్లు, ధాన్యం కొట్టు, పశువుల సావిడి మాత్రం తాటాకు కప్పుతోనే ఉండేవి. వేసవి వచ్చిందంటే నిప్పు భయం, వానాకాలం వచ్చిందంటే కారుడు. ఆ యేడు మూడింటినీ పెంకుటిళ్ళు చేసేద్దామని తాతయ్య, నాన్న అనుకున్నారు. దానికి కావలసిన కర్రంతా మా దొడ్లోనూ మా గట్ల మీదా నిలబడే ఉంది. కొట్టించిన పనస కాపు తగ్గిపోయిన పాత చెట్టు. దాంతోపాటు రెండు వేపలు, తొమ్మిది తాళ్ళు.

కర్ర కొనడమంటే ఆ రోజుల్లో టేకు కొనడమే. అది ఒక తరానికి ఒక్కసారి జరిగే పని. మా మండువా సింహద్వారం టేకుది. ఆ టేకు భద్రాచలం పై అడవుల్లో పుట్టి, తెప్పగా కట్టుకుని, పాపికొండల మధ్య నుంచి గోదావరి మీద రాజమండ్రి దిగిందట. అక్కడి అడితిలో మా ముత్తాత దాన్ని బేరమాడి, పడవకెక్కించి, కాలవ మీద లొల్ల లాకులు దాటించి ఇంటికి తెచ్చుకున్నారు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మాకు అన్నం పెట్టిందని ఎవరైనా చెబుతారు. దాని కాలవలు మా ఇళ్ళకి గుమ్మాలు కూడా మోసుకొచ్చాయని చెప్పేవాళ్ళు తగ్గిపోయారు.

అడితిలో దుంగని ఎలా కొలుస్తారో తాతయ్య మా పనస మీదే నాకు చూపించారు. మాను నడుముకి తాడు చుట్టారు. 80 అంగుళాలు వచ్చింది. ఆ తాడుని నాలుగు మడతలు పెట్టమన్నారు. మడత 20 అంగుళాలు. ఇరవైని ఇరవైతో హెచ్చించి, 12 అడుగుల పొడుగుతో గుణించి, చదరపు అంగుళాల్ని అడుగుల్లోకి మారిస్తే 33 ఘనపుటడుగులు తేలింది. పై క్లాసుకి వెళ్ళి వృత్తం వైశాల్యం నేర్చుకున్నాక అదే దుంగకి నేను మళ్ళీ లెక్క కట్టాను. 42 దాటింది. పరుగెత్తుకెళ్ళి, అడితివాళ్ళ లెక్క తప్పని తాతయ్యకి చెప్పాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ తొమ్మిదడుగులూ పక్కచెక్కల్లో, పొట్టులో పోతాయిరా. కోతలో పోయేదాన్ని ముందే తీసేసి చెప్పే లెక్క అది. కొన్నవాడికి, అమ్మినవాడికి ఇద్దరికీ న్యాయం జరగాలిగా" అన్నారు. గుండ్రటి చెట్టులోంచి నలుచదరం తీయడానికి అడితి లెక్క నూటికి ఇరవై పాళ్ళకి పైగా ముందే వదిలేస్తుందని నాకు అలా తెలిసింది.

చెట్లని మాఘ బహుళంలో కొట్టించారు. అమావాస్య దగ్గర పడ్డాక కొడితే కర్రకి పురుగు పట్టదని మా పెద్దల నమ్మకం. తాటిమొద్దులకి రంపంతో పనిలేదు. గొడ్డలితో గాటు పెట్టి, వరసగా చీలలు దిగ్గొడితే మొదలు నుంచి కొస దాకా పెటపెటమంటూ విచ్చుకుంటాయి. మిగతా చెట్లకి చేవ లోపల ఉంటే తాటికి, కొబ్బరికి చేవ బయటే. లోపలిది మెత్తటి గుజ్జుపీచు. దాన్ని బాడిసతో దొలిచేస్తే నల్లటి చారలతో ఇనుములాంటి పట్టె మిగులుతుంది. పట్టెలన్నిటినీ చెరువులో బురదలోకి తొక్కేశారు. రెండు నెలలు నానితే అందులో తీపి అంతా నీళ్ళలోకి దిగిపోతుంది, పురుగుకి ఇక తినడానికేమీ మిగలదు. ఆ రెండు నెలలూ చెరువు నీళ్ళు పుల్లటి వాసన కొట్టాయి. గేదెలు ఆ రేవులోకి దిగకుండా మొరాయించాయి.

రంపం పని పనసకి, వేపలకి. కోతవాళ్ళు ఇద్దరు అన్నదమ్ములు. చైత్రమాసంలో ఒక ఉదయం గౌతమి అవతలి ఒడ్డు నుంచి పడవ దాటి, ఏటిగట్టు మీదుగా నడుచుకుంటూ వచ్చారు. అన్న భుజం మీద గోనెపట్టా చుట్టిన రంపం. తమ్ముడి నెత్తిన మూట: గొడ్డళ్ళు, బాడిస, ఆకురాళ్ళు, ఇనప చీలలు, మోకులు, నూలు ఉండ, కిరసనాయిలు సీసా. అన్నది పైరంపం, తమ్ముడిది కిందిరంపం. పిల్లలం వాళ్ళని పైమావయ్య, కిందిమావయ్య అనేవాళ్ళం. తాతయ్య పేర్లు పెట్టి పిలిచినా మాకు ఆ వరసలే నోట్లో నానాయి.

గోనెపట్టా విప్పితే రంపం పైమావయ్య కంటే పొడుగుంది. పైన జానెడు వెడల్పు, కిందికి పోయేకొద్దీ సన్నం. పళ్ళన్నీ కిందికే చూస్తుంటాయి, ఎందుకంటే కోత పడేది కిందికి లాగినప్పుడే. ఒక పన్ను ఎడమకి, ఒక పన్ను కుడికి వెంట్రుకవాసి వంచి ఉంటాయి. ఆ వంపు లేకపోతే కోత బిగిసి రంపం మధ్యలో నిలిచిపోతుంది. పైపిడి రంపానికే బిగించి ఉంటుంది. కిందిపిడి విడిగా ఉంటుంది. అది నడుమ చీలిక ఉన్న చింతకర్ర ముక్క. దాన్ని రంపం కొసకి తొడిగి, చిన్న చీల కొట్టి బిగిస్తారు. కోత చివరికి వచ్చాక చీల ఊడగొడితే పిడి చేతిలోకి వచ్చేస్తుంది, అప్పుడు పైవాడు రంపాన్ని కోతలోంచి పైకి లాక్కుంటాడు. కిందిమావయ్య ఆ పిడిని రాత్రి పడుకునేటప్పుడు తలకింద పెట్టుకునేవాడు. పట్టి పట్టి అది వెన్నముద్దలా నునుపు తేలింది.

చాలా దేశాల్లో ఇలాంటి కోతకి గొయ్యి తవ్వుతారు. దుంగ గొయ్యి మీద అడ్డంగా పడుకుంటుంది, కిందివాడు గోతిలో నిలబడతాడు. మా సీమలో అది కుదరదు. నాలుగడుగులు తవ్వేసరికి నీళ్ళు ఊరతాయి. అందుకని మా దగ్గర కిందివాడు నేల మీదే నిలబడితే, దుంగే ఆకాశంలోకి లేవాలి. కొబ్బరి మొద్దులు కత్తెర వేసి కట్టి, దాని మీదకి దుంగని ఏటవాలుగా ఎక్కించారు. మా వీధిలో మగవాళ్ళందరూ వచ్చారు. పది పన్నెండుమంది మోకులు పట్టి, "ఐలేసా" అంటూ అంగుళం అంగుళం జరుపుతుంటే, అంత బరువు తలకెత్తుకుని నిలబడగలిగిన కొబ్బరి మొద్దుల్నే నేను చూస్తూ ఉండిపోయాను.

తర్వాత నూలు కొట్టడం. బొగ్గుపొడి కలిపిన నీళ్ళలో నూలు తాడు ముంచి, దుంగ రెండు కొసలా బిగబట్టి, నడిమి నుంచి రెండు వేళ్ళతో ఎత్తి వదిలితే టప్పుమని నల్లటి గీత పడుతుంది. ఆ గీత ఎక్కడ పడాలన్నదే పనంతా. దాని కోసం పైమావయ్య ఒక పూటంతా దుంగ మీద కూర్చున్నాడు. పడుకున్నాడు కూడా. చెవి ఆనించి గొడ్డలి వెనకభాగంతో కొట్టి విన్నాడు. దుంగ నడిమధ్యలో వేలిమందాన మెత్తటి దారి ఒకటి మొదలు నుంచి కొసకి పోతుంది. అది చెట్టు చిన్న మొక్కగా ఉన్ననాటి ఒళ్ళు. అది పలకలోకి వచ్చిందంటే ఆ పలక ఎండాక నిలువునా పగులుతుంది. దాన్ని ఒక పక్కకి వదిలేలా గీత పడాలి. కొమ్మ పుట్టిన చోట ముడి ఉంటుంది. అది తలుపు మధ్యకి వస్తే అందం, అంచుకి వస్తే చిల్లు. తాతయ్య ఏడు పలకలు రావాలన్నారు.

"ఆరే తీద్దారండీ పెద్దబాబుగారండీ. ఏడు తీస్తే ఏడూ వంగిపోతాయండి."

"ఆరేనా?"

"ఆయ్. చెట్టు ఆరే ఇత్తానంటందండి."

తాతయ్య ఇంకేమీ అనలేదు. ఆ ఇంట్లో ఆయన మాటకి ఎదురు చెప్పగా నేను చూసింది అదొక్కసారే, అదీ చెట్టు తరఫున.

కోత మొదలైతే ఆ చప్పుడు వీధి చివరికి వినబడేది. కిందికి లాగినప్పుడు గట్టిగా, పైకి తీసినప్పుడు మెత్తగా, నిద్రపోయేవాడు ఊపిరి తీసినట్టు. పైవాడు గీత మీద చూపు నిలిపి, వెనక్కి అడుగు వేసుకుంటూ పోవాలి. ఏటవాలు దుంగ మీద, ఉత్త పాదాలతో. కిందివాడికి గీత కనబడదు. తల మీంచి ముఖం మీదకి తువ్వాలు కప్పుకుని, కళ్ళు సగం మూసుకుని, చేతులకి తెలిసినంత మేర లాగుతాడు. పొట్టంతా అతని మీదే. సాయంత్రానికి కిందిమావయ్య కనురెప్పలు, మీసాలు, ఛాతీ మీది వెంట్రుకలు అన్నీ పసుప్పచ్చగా అయిపోయేవి. పనసపొట్టు పసుపుకొమ్ము దంచినట్టుంటుంది. బర్మాలో, సింహళంలో బౌద్ధ భిక్షువుల బట్టలకి రంగు వేసేది ఈ పనసచెక్కని ఉడకబెట్టిన నీళ్ళతోనేనని పెద్దయ్యాక చదివినప్పుడు నాకు కాలవలో మునిగి లేచిన కిందిమావయ్యే కళ్ళకి కట్టాడు.

మూడో రోజు మధ్యాహ్నం, నాలుగో కోత నడుస్తుండగా, కింద నుంచి కేక వినిపించింది.

"అన్నా, ఆపు! పొట్టు నలుపు తిరిగింది!"

పైమావయ్య ఎందుకని అడగలేదు. రంపం అక్కడికక్కడే ఆగింది. కిందికి దిగి, అరచేతిలో పొట్టు పట్టుకుని ఎండలో చూశాడు. పసుపులో సన్నగా నీలినలుపు నూక. దగ్గరలో ఇనుముందని దానర్థం. కర్రలోని రసానికి ఇనుము తగిలితే చుట్టూ సిరా చల్లినట్టు మచ్చ పాకుతుంది. ఇంకో నాలుగు లాగుళ్ళు పడి ఉంటే రంపం పళ్ళు వరసగా ఊడిపోయేవి. ఉలితో పక్క నుంచి తొలుచుకుంటూ పోతే, బెరడుకి నాలుగు అంగుళాల లోపల, చిటికెనవేలంత కొక్కెం బయటపడింది. బెరడు మీద గీత కూడా లేదు. చెట్టు దాన్ని పూర్తిగా మింగేసి మాను కట్టేసుకుంది.

మామ్మని పిలిచారు. ఆవిడ కొక్కేన్ని చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచి, నాన్న వైపు చూశారు. "ఇది నీ ఉయ్యాలదిరా. నేను వడ్లు ఉడకబెట్టుకునేదాన్ని. ఒక కొస దీనికి, ఒక కొస కొట్టు స్తంభానికి కట్టి, నిన్ను పడుకోబెట్టేదాన్ని." నాన్నకి అప్పుడు ముప్ఫయి అయిదేళ్ళు. పెద్దమనిషి, అందరి ముందూ ఏమనాలో తెలియక, దుంగ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. మచ్చ పడ్డ ఆ పలకని వడ్రంగి పక్కన పడేయబోతే మామ్మ ఒప్పుకోలేదు. దాంతో పెళ్ళిపీటలు చేయించారు. మా అక్కయ్య, నేను, మా తమ్ముడు, మా పిల్లలు అందరం వాటి మీదే కూర్చున్నాం. ఒక పీట తిరగేస్తే కింద అరచేయంత నల్లమచ్చ ఇప్పటికీ ఉంది.

కోసిన పలకల్ని వెంటనే వాడరు. కొసలకి పేడ మెత్తాలి, లేకపోతే అక్కడి నుంచి తడి తొందరగా పోయి పగుళ్ళు తీస్తాయి. పలకకీ పలకకీ నడుమ సన్నబద్దలు వేసి, గాలి ఆడేలా, నీడలో దొంతి పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది అని లెక్క. నాన్న ప్రతి పలక కొస మీదా బొగ్గుముక్కతో రాశారు: 'పనస 1', 'పనస 2', 'నూతివేప', 'దక్షిణపు వేప'. అందుకే మా ఇంట్లో తలుపులకి కూడా ఊరూ పేరూ ఉండేవి. వంటింటి గుమ్మం నూతివేప. కొట్టు తలుపు పనస. "నూతివేప దగ్గర నిలబడకు, దారి తప్పుకో" అని అమ్మ అనేది. ఆ వేప కొట్టేసి ఇరవయ్యేళ్ళయినా మాకు అది గుమ్మంగా మారిన చెట్టే.

ఏదీ వృథా పోలేదు. వంకర తిరిగిన వేపకొమ్మ ఎద్దుల కాడి అయింది. పక్కచెక్కలు పశువుల సావిడికి దడి. తాటి దొప్ప చూరు కింద వాననీళ్ళకి దోనె. పొట్టుని రేకు డబ్బాలో దిమ్మిస కొట్టి, మధ్యలో కర్ర గుచ్చి తీసి, ఆ కన్నంలో నిప్పు పెడితే పొట్టుపొయ్యి. మధ్యాహ్నం ముట్టిస్తే రాత్రి స్నానాలదాకా నీళ్ళు కాగుతూనే ఉండేవి.

ఆ పని తియ్యటిదని నేను చెప్పను. కూలి కోసిన మేరకి, చదరపుటడుగుల లెక్కన. మా పనసలో ఒక్క కోత 20 చదరపుటడుగులు. అలాంటివి రోజుకి రెండు లాగితే చాలా గట్టివాళ్ళన్నట్టు. రాత్రి అన్నం తినేటప్పుడు కిందిమావయ్య ముద్ద ఎత్తడానికి ఎడమ చేత్తో కుడి మోచెయ్యి పట్టుకునేవాడు. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. మామ్మ ఆముదం చుక్కలు వేసేవారు. దగ్గు కూడా ఉండేది, ఎవరూ దాన్ని జబ్బు అనుకోలేదు. ఇప్పుడు మిల్లుల్లో ముక్కుకి గుడ్డ కట్టుకోమంటారు. అప్పుడు ఆ తువ్వాలొక్కటే.

తర్వాతి పదిహేనేళ్ళలో అంతా మారింది. కరెంటు వచ్చింది. రావులపాలెంలో, అమలాపురంలో కోతమిల్లులు వెలిశాయి. అన్నదమ్ములిద్దరూ రోజంతా కోసే కోతని మిల్లు టీ తాగేలోపు కోసేసేది. 1969లోనే కోతమిల్లులకి లైసెన్సు నిబంధనలు వచ్చాయి. కలప రవాణాకి అనుమతి కాగితాలు వచ్చాయి. ఆ తర్వాత 2002లో వాల్టా చట్టం వచ్చి, సొంత దొడ్లో చెట్టు కొట్టడానికి కూడా అనుమతి అడగాలంది. చెట్లు మిగలాలంటే అది అవసరమే. అయితే అంతకుముందే మా దొడ్లు మారిపోయాయి. పనస, వేప, మామిడి, తుమ్మ, గంగరావి కలిసి పెరిగిన చోట వరసగా కొబ్బరే నిలిచింది. గట్ల మీది తాళ్ళు ఇటికల బట్టీలకి పోయాయి. ఇళ్ళు శ్లాబులయ్యాయి. కోతవాళ్ళ పిల్లలు కువైట్, మస్కట్ వెళ్ళారు.

మిల్లుకి ఇంకో ఇబ్బంది ఉంది. ఇంటి దొడ్లో పెరిగిన చెట్టంటే వాళ్ళకి భయం. మేకులుంటాయి, పలుపు కట్టిన కొంకెలుంటాయి, ఏ మామ్మో కొట్టిన కొక్కెం ఉంటుంది. తిరిగే రంపానికి ఇనుము తగిలితే మనిషి ప్రాణానికే ముప్పు. అందుకని తీసుకోం అంటారు, లేదా వంటచెరుకు ధరకి అడుగుతారు. పొట్టు రంగు మారిందని కేక వెయ్యడానికి అక్కడ కింద ఎవరూ నిలబడరు మరి. నాకు అన్నిటికంటే బాధ ఇదే. చెట్టు రంపం దగ్గరికి వెళ్ళడం మొదలైన నాటి నుంచి, వెళ్ళింది మన చెట్టు, తిరిగొచ్చింది ఇన్ని అడుగుల కలప. అది ఏ చెట్టు, ఏ పక్క, దాని ఒంట్లో ఏముంది అన్నది దారిలో పోయింది.

నేను పనిచేసిన హైస్కూలు లైబ్రరీలో ఒకసారి జపాన్ చిత్రాల పుస్తకం ఒకటి చూశాను. హోకుసాయ్ 1830ల్లో వేసిన ఫుజి పర్వతం బొమ్మల్లో ఒకటి. కొండల్లో ఏటవాలుగా ఎత్తి నిలబెట్టిన మహా దుంగ. దాని మీద ఒకడు, దాని కింద ఒకడు. పక్కన కూర్చుని రంపానికి పదును పెడుతున్నవాడొకడు. గొయ్యి లేదు. కత్తెర కర్రలే. ఆ దూరాన ఫుజి లేకపోతే అది మా దొడ్డే. పిల్లలకి క్లాసులో చూపించి అరగంట మాట్లాడాను. అలాగే ఈ మధ్య అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు ఒక యంత్రం కొనుక్కున్నాడు. గాలివానకి పడ్డ ఓక్ చెట్టుని ఇంటి వెనకే కోసుకుంటున్నాడు. దుంగ కదలకుండా పడుకుని ఉంటుంది. రెండు పట్టాల మీద పలచటి బ్యాండు రంపం ఇంజనుతో జరుగుతూ వచ్చి పలక తీసుకుంటూ పోతుంది. కారు వెనక తగిలించుకుని ఎక్కడికైనా లాక్కెళ్ళొచ్చట. "మావయ్యా, ఒక్కణ్ణే కోసేస్తున్నా" అన్నాడు ఫోనులో. నాకు సంతోషమేసింది. రంపం మళ్ళీ చెట్టు దగ్గరికి నడిచి వెళ్తోంది. కొసలకి ఏం రాస్తున్నావని అడిగాను. మైనం లాంటిదేదో ఉందట. పేడ పని చేస్తుందని చెప్పాను.

అంతర్వేది నరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోయినప్పుడు మా సీమంతా తల్లడిల్లింది. కొత్త రథానికి బస్తర్ టేకు తెప్పించారు. 2021 ఫిబ్రవరిలో రథసప్తమికి అది సిద్ధమైంది. చూడ్డానికి వెళ్ళాను. బస్తర్ అడవుల నీళ్ళు ఇంద్రావతిలో పడి, ఇంద్రావతి గోదావరిలో కలిసి, ఒక పాయ వెంట అంతర్వేది దగ్గరే సముద్రంలోకి పోతాయి. ఒకప్పుడైతే ఆ టేకు కూడా అదే నీటి మీద వచ్చేది. రథం చక్రం పక్కన నిలబడి, పెద్దవాణ్ణి కాబట్టి ఎవరూ ఏమీ అనరన్న ధైర్యంతో, చెక్కని వేలితో కొట్టి విన్నాను. గట్టి కర్ర. పైమావయ్య ఉంటే చెవి ఆనించేవాడు.

ఆ అన్నదమ్ముల రంపం ఆఖరిసారి మా దొడ్లోకి వచ్చింది 1996లో. నవంబరు 6, బుధవారం రాత్రి వచ్చిన తుఫానుని కోనసీమలో బతికి ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. వేయిమందికి పైగా పోయారు. ముమ్మిడివరం, ఐ.పోలవరం, కాట్రేనికోన వైపు ఊళ్ళకి ఊళ్ళే చెదిరిపోయాయి. తెల్లారేసరికి కొబ్బరితోటలు కోత కోసిన వరిచేలలా పడి ఉన్నాయి. మాకు ఇల్లు మిగిలింది, మనుషులం మిగిలాం. తూర్పు దిక్కున తాతయ్య నాటిన మామిడి, ఉన్నట్టుండి నిద్ర వచ్చి పడుకున్నట్టు, వేళ్ళతో సహా ఒరిగిపోయింది.

రోజుల తరబడి కరెంటు లేదు. మిల్లుల ముందు దుంగలు కొండల్లా పడ్డాయి. రోడ్లకి అడ్డంగా చెట్లు. అప్పుడు నాన్న ఒక కుర్రాణ్ణి ఏటి అవతలికి పంపించారు. నాలుగో రోజు పైమావయ్య వచ్చాడు. జుట్టు తెల్లబడింది, నడుం వంగింది. భుజం మీద అదే గోనెపట్టా. వెనకాల ఎవరూ లేరు. కిందిమావయ్య పోయి అప్పటికి ఆరేళ్ళయిందట. దగ్గుతోనే పోయాడని చెప్పాడు. నాన్న, నేను అలా నిలబడిపోయాం. ఆ మనిషే మూట విప్పి, చింతకర్ర పిడి తీసి, నా చేతిలో పెట్టాడు.

"సినబాబుగారు పట్టుకోవాలండి."

నాకు ముప్ఫయి ఎనిమిదేళ్ళు. సుద్దముక్క తప్ప ఇంకో పనిముట్టు పట్టినవాణ్ణి కాను. ముఖం మీద తువ్వాలు కప్పుకుని దుంగ కింద నిలబడ్డాను. మొదటి గంట రంపం పదేపదే బిగిసింది. "తొయ్యకండి బాబుగారూ. తవరి పని లాగడమేనండి. లాగి వదిలెయ్యండి. పైకి తీసుకునేది నేను" అని పైనుంచి చెబుతూనే ఉన్నాడు. వదిలెయ్యడమే కష్టం. లాగిన చెయ్యి పైకి కూడా తానే తొయ్యాలని చూస్తుంది. సాయంత్రానికి కాస్త పట్టుబడింది. పైకి పోతున్న రంపం వెంట చేతులు తేలిగ్గా లేచిపోయేవి, క్షణం ఆగి మళ్ళీ కిందికి. పైనున్న మనిషి నాకు కనబడడు. అతని ఊపిరి మాత్రం రంపం గుండా నా చేతుల్లోకి వచ్చేది. కళ్ళలో పొట్టు. నోట్లో మామిడి జిగురు వాసన, పచ్చి ఆవకాయ ముక్కల వాసన. తొమ్మిది రోజులు కోశాం. ఆ తర్వాత కూలిన కొబ్బరి మొద్దుల్లో గట్టివి ఏరి, పక్కింటివాళ్ళ చూరుకి పట్టెలు తీసిపెట్టాం.

ఆ డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు, అనుమతి లేకుండా అడవుల్లో కోతమిల్లులు నడపరాదన్నది, పేపర్లో చదివి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "పైన అడివి మిగిలితేనే కింద ఏరు మిగిలేది" అన్నారు చివరికి. మామిడి పలకల కొసల మీద 'తాతగారి మామిడి, 96' అని బొగ్గుతో రాసుకుంటూ వెళ్ళారు.

పని అయిపోయిన సాయంత్రం పైమావయ్య కూలి డబ్బులు పంచెకొంగున కట్టుకున్నాడు. రంపానికి కిరసనాయిలు గుడ్డ పెట్టి తుడిచి, గోనెపట్టా చుట్టి, భుజానికెత్తుకోకుండా నాన్న ముందు పెట్టాడు.

"ఇది తవరి దగ్గరే ఉంచండి బాబుగారండీ. నేనింక మంచె ఎక్కలేను."

నాన్న వద్దన్నారు. పైమావయ్య వినలేదు. మళ్ళీ కూర్చుని, గోనెపట్టా కొస విప్పి, కిందిపిడి చీలని గొడ్డలి వెనకభాగంతో రెండు దెబ్బలు కొట్టాడు. పిడి చేతిలోకి వచ్చింది. దాన్ని తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఇది మాత్రం అట్టుకెళ్తానండి. మా తమ్ముడిదండి."

రంపం ఇప్పుడు మా కొత్త ఇంటి వరండాలో గోడకి నిలువుగా వేలాడుతోంది. ఏటా దసరాకి దించి, తుడిచి, కొబ్బరినూనె రాసి, పసుపూ కుంకుమా పెడతాను. పైపిడి అలాగే ఉంది. కింది కొస బోసిగా ఉంటుంది.